టెక్ ఫెస్ట్ సరే... ఓసారి దెయ్యాల ఫెస్ట్ పెట్టి చూడండి!

మీ రెజ్యూమె ఓసారి తీయండి. ‘ప్రాజెక్ట్స్’ అని రాసిన చోట ఏముంది? ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, పంట దిగుబడి అంచనా... అంతేనా? మీ పక్క బెంచీ వాడి రెజ్యూమెలోనూ అవే ఉంటాయి. మధురవాడలో ఉన్న కాలేజీలోనూ అవే, గాజువాక అవతల ఉన్న కాలేజీలోనూ అవే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని చదవరు, కళ్లతో దాటేస్తారు. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఏదైనా పని మొదటి నుంచి చివరి దాకా నువ్వే బాధ్యత తీసుకుని చేశావా? మధ్యలో ఏం తేడా వచ్చింది? ఎలా సర్దావు?” చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు.

ఆ జవాబు సంపాదించుకోవడానికి నేను చెప్పే దారి కాస్త వింతగా ఉంటుంది. ఓ పది మంది కలిసి, విశాఖలో ఏదైనా కొత్త సినిమా హాల్లో మూడు రోజుల హారర్ ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టండి.

“ఏటిరా బాబూ, దెయ్యాల సినిమాలేస్తే ఉద్యోగాలొచ్చేత్తాయేటి?” అని మీ ఇంట్లో అడుగుతారు. రావు. ఫెస్టివల్ పెట్టినంత మాత్రాన ఆఫర్ లెటర్ రాదు. కోడింగ్ రౌండ్ మీరే దాటాలి, ఆప్టిట్యూడ్ మీరే రాయాలి. కానీ రెండేళ్ల పాటు సర్టిఫికెట్ కోర్సులు పోగేసినా రాని అనుభవం ఈ మూడు రోజుల పనిలో వస్తుందన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

హారరే ఎందుకు?

మొదటి కారణం, దీనికి స్టార్ అక్కర్లేదు. ‘మసూద’కీ ‘మా ఊరి పొలిమేర 2’కీ జనం హీరోని చూసి రాలేదు, భయపడడానికి వచ్చారు. 2018లో పెద్దగా ఆడని ‘తుంబాడ్’ని 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. పాత హారర్ సినిమాకి టికెట్ కొనే ప్రేక్షకుడు ఉన్నాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

రెండోది, ఈ జానర్ ఇంజినీర్లకి పరాయిది కాదు. విజయవాడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివి, హైదరాబాద్‌లో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన రామ్‌గోపాల్ వర్మ 1992లోనే ‘రాత్రి’ తీశారు. ఇంకో ఉదాహరణ మన ఊరికి మరీ దగ్గరగా ఉంటుంది. అమెరికాలో పిట్స్‌బర్గ్ కూడా మనలాగే ఉక్కు నగరం. అక్కడ ప్రకటనలు, పారిశ్రామిక ఫిల్ములు తీసుకునే కుర్రాళ్లు కొందరు జార్జ్ రొమెరోతో కలిసి సుమారు 1.14 లక్షల డాలర్లతో 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ తీశారు. ఈ రోజు ప్రపంచం చూస్తున్న జాంబీ సినిమాలన్నీ దాని పిల్లలే. హాలీవుడ్‌కి దూరంగా ఉన్న ఫ్యాక్టరీల ఊళ్లో పుట్టింది అది.

ఇక ఊరికి పేరు తేవడం సంగతి. స్పెయిన్‌లో బార్సిలోనా పక్కన సిట్జెస్ అని సముద్రపు ఒడ్డు పట్టణం ఉంది. 1968 నుంచి అక్కడ ఫాంటసీ, హారర్ సినిమాల పండగ జరుగుతోంది. దక్షిణ కొరియాలో సియోల్, ఇంచియాన్ల మధ్య ఉన్న పారిశ్రామిక నగరం బుచియాన్ 1997లో ఇలాంటిదే మొదలుపెట్టింది. ఒకటి బీచ్ ఊరు, ఇంకోటి ఫ్యాక్టరీల ఊరు. మనది రెండూ!

కొత్త హాలే ఎందుకు?

విశాఖకి సినిమా హాలంటే ఓ ప్రేమ ఉంది. ఓ హాలు పేరే జగదాంబ సెంటర్‌గా ఊరికి గుండెకాయలా నిలిచిపోయింది. ఇప్పుడు మాల్స్ వస్తున్నాయి. పోర్టు స్థలంలో ఇనార్బిట్ మాల్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. మాల్ వచ్చిన చోట తెరలూ వస్తాయి. కొత్తగా తెరిచిన హాలుకి రెండు ఇబ్బందులుంటాయి. జనానికి ఇంకా అలవాటు పడలేదు. మంగళ, బుధవారాల్లో సీట్లు ఖాళీగా ఉంటాయి. మీ దగ్గర ఉన్నది సరిగ్గా అదే, రెండు మూడు కాలేజీల జనం. అంటే మీరు వెళ్లేది సాయం అడగడానికి కాదు, బేరం మాట్లాడటానికి. “శనివారం సాయంత్రం హాలివ్వండి సార్” అంటే నవ్వి పంపించేస్తారు. “మంగళవారం నుంచి గురువారం దాకా, రోజుకి రెండు షోలు” అంటే కుర్చీ చూపిస్తారు.

అసలు పని ఇక్కడుంది

ఒకటి, హక్కులు. మీ ల్యాప్‌టాప్‌లో సినిమా ఉన్నంత మాత్రాన, ఓటీటీ చందా కట్టినంత మాత్రాన హాల్లో వేసే హక్కు రాదు. నిర్మాత నుంచో పంపిణీదారు నుంచో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 1922లో జర్మనీలో మూర్నావ్ తీసిన ‘నొస్ఫెరాటు’ కథ తెలుసా? ‘డ్రాకులా’ నవల హక్కులు అడగకుండా తీశారు. రచయిత భార్య కోర్టుకెళ్తే ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. ఎక్కడో కొన్ని మిగిలాయి కాబట్టే ఈ రోజు చూడగలుగుతున్నాం. మన దేశంలో సినిమా విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. కాబట్టి పాత మూకీ హారర్‌తో మొదలుపెడితే ఆ ఖర్చు తగ్గుతుంది. మీ బృందంలో గిటారో వయొలినో వాయించేవాళ్లుంటే లైవ్ సంగీతంతో వేయొచ్చు. పైరసీ కాపీ జోలికి మాత్రం పోవద్దు. 2023 సవరణ తర్వాత శిక్ష మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా మూడు లక్షల నుంచి మొదలు.

రెండు, సెన్సార్. హక్కులు తీరిపోయిన సినిమాకి కూడా బహిరంగంగా వేయాలంటే సర్టిఫికెట్ కావాలి. లేదంటే ఫెస్టివల్‌కి కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి, అదీ ముందే పేరు నమోదు చేసుకున్న డెలిగేట్ల వరకే. అందుకే మొదటిసారి సర్టిఫికెట్ ఉన్నవే ఎంచుకోండి. ‘విరూపాక్ష’ లాంటి ‘ఎ’ సినిమాకి ఫస్టియర్ పిల్లల్ని పంపలేరు. 17 ఏళ్ల తమ్ముడు మీ స్నేహితుడే అయినా గేటు దగ్గర ఆపాల్సిందే. నో చెప్పడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మూడు, ప్రొజెక్షన్. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. హాలుకి సినిమా డీసీపీ అనే ప్యాకేజీగా వస్తుంది. దాన్ని తెరవడానికి కేడీఎం అనే తాళంచెవి వేరేగా వస్తుంది. ఆ తాళంచెవి ఆ హాల్లోని ఆ ఒక్క సర్వర్‌కే పనిచేస్తుంది, అదీ ఇచ్చిన తేదీ, గంటల మధ్యే. లోపల ఉన్నది మీరు నెట్‌వర్క్ సెక్యూరిటీలో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆర్‌ఎస్‌ఏ, ఏఈఎస్సే! షో ఏడింటికి, తాళంచెవి మొదలయ్యేది ఎనిమిదింటికి అయితే తెర నల్లగానే ఉంటుంది. టైమ్ జోన్ ఒక్కటి తేడాగా పడినా చాలు. అందుకే ముందు రోజే లోడ్ చేసి పది నిమిషాలు ఆడించి చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రిలీజ్‌కి ముందు చేసేది కూడా ఇదే. మీ కాలేజీ షార్ట్ ఫిల్ములకి డీసీపీ మీరే చేసుకోవచ్చు. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

నాలుగు, లెక్క. ఉదాహరణకి 180 సీట్ల హాలు, ఆరు షోలు అనుకుందాం. మొత్తం 1,080 సీట్లు. సగం నిండితే 540. ఇప్పుడు టికెట్ ఎంత పెడతారు? వంద రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, వంద దాటితే 18 శాతం. పన్ను కలిపి ₹100 టికెట్ పెడితే మిగిలేది సుమారు ₹95. ₹110 పెడితే మిగిలేది ₹93 మాత్రమే. పది రూపాయలు పెంచితే రెండు రూపాయలు తగ్గింది! ₹100కి 540 టికెట్లు అమ్మితే చేతికొచ్చేది సుమారు ₹51,400. మీ హాలు బేరం, హక్కుల రుసుము, పోస్టర్లు అందులో ఇమడాలి. ఇమడకపోతే స్పాన్సర్ని వెతకాలి, లేదా రోజులు తగ్గించాలి. టికెట్ రేటు మీ ఇష్టం వచ్చినట్టు పెట్టడానికి కూడా లేదు, హాలుకి అనుమతి ఉన్న ధరలకి లోబడే ఉండాలి. ఎక్సెల్ నేర్చుకున్నానని రాసుకునేవాళ్లలో ఇలాంటి లెక్క సొంత డబ్బు పణంగా పెట్టి వేసినవాళ్లు ఎంతమంది?

ఐదు, మనుషుల భద్రత. 1997లో ఢిల్లీ ఉపహార్ హాల్లో మంటలు చెలరేగి 59 మంది చనిపోయారు. బయటికి దారి దొరక్క చనిపోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి భయంకరంగా ఉండాలని ఎగ్జిట్ బోర్డు మీద నల్లగుడ్డ కప్పడం, తలుపుల దగ్గర శవపేటిక సెట్టింగులు పెట్టడం, పొగ మెషీన్లు తేవడం వద్దే వద్దు. ఇంకో మాట. హారర్ అనగానే అర్ధరాత్రి షోనే అనుకోకండి. హాల్లో చీకటి సాయంత్రం నాలుగింటికీ అంతే చిక్కగా ఉంటుంది. ఆఖరి షో రాత్రి తొమ్మిదికల్లా వదిలితే కూర్మన్నపాలెం వెళ్లాల్సిన అమ్మాయి బస్సెక్కి ఇంటికి చేరుతుంది. ఆ అమ్మాయి రాలేని ఫెస్టివల్ సగం ఊరికి తలుపు మూసేసినట్టే.

భయం అమ్ముతున్నప్పుడు బాధ్యత కూడా...

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన పక్కనే ఏజెన్సీలో చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. చేతబడి మీద నడిచే సినిమాని తెర మీద వేసి, లైట్లు వేసి, అందర్నీ ఇంటికి పంపేస్తే మన పని అయిపోయినట్టు కాదు. సినిమా చూసి భయపడటం వేరు, పక్కింటి ముసలమ్మని చూసి భయపడటం వేరు. ఆ తేడా చెప్పడానికి షో తర్వాత ఇరవై నిమిషాలు కేటాయించండి. జన విజ్ఞాన వేదిక వాళ్లని పిలవండి. దెయ్యం పట్టిందని చూపించే సినిమా వేసిన రోజు మానసిక వైద్యుల్ని పిలవండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న ఊరు మనది, డాక్టర్ల కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. “అలాంటి లక్షణాలుంటే ఎవర్ని కలవాలి?” అని ఆ హాల్లో ఒక్కరు అడిగినా మీ ఫెస్టివల్ సార్థకమైనట్టే.

“అలా చేస్తే సరదా పోతుంది” అంటారు కొందరు. నాకలా అనిపించదు. మ్యాజిక్ ఎలా చేశారో తెలిశాక ఇంకోసారి చూడాలనిపిస్తుంది కదా, ఇదీ అంతే. శబ్దంతో ఎలా ఉలిక్కిపడేలా చేశారో ఓ సౌండ్ ఇంజినీర్ వచ్చి చెబితే విని చూడండి, ఎవరూ లేచి వెళ్లరు.

మరి ఇంటర్వ్యూలో?

“హారర్ ఫెస్టివల్ ఆర్గనైజర్” అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఉపయోగం లేదు. మీ పాత్ర, అంకెలు రాయండి. ఎన్ని షోలు, ఎన్ని టికెట్లు, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది, షో ఎన్ని నిమిషాలు ఆలస్యమైంది. నష్టం వస్తే నష్టమనే రాయండి. “అనుకున్న 540లో 310 టికెట్లే అమ్మాం, ఎందుకంటే ఇంటర్నల్ పరీక్షల వారం చూసుకోలేదు” అని చెప్పేవాణ్ని ఏ మేనేజరైనా గుర్తుపెట్టుకుంటాడు. “గ్రాండ్ సక్సెస్” అనే మాట మాత్రం రోజూ ఎంతోమంది చెబుతారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. డిగ్రీ చేతికి రాగానే మనలో చాలామంది హైదరాబాద్ బస్సో బెంగళూరు రైలో ఎక్కేస్తున్నాం. “వైజాగ్‌లో ఏముందిరా, బీచ్ తప్ప?” అంటాం. ఈ ఊళ్లో హాలు మేనేజర్లు, పంపిణీదారులు, సౌండ్ వాళ్లు, టికెటింగ్ వాళ్లు, డిజైనర్లు బతుకుతున్నారన్న సంగతే మనకి తెలీదు. ఓ ఫెస్టివల్ పెడితే వాళ్లందరి ఫోన్ నంబర్లు మీ దగ్గరుంటాయి. రేపు మీరు ఊరు వదిలి వెళ్లినా, ఇక్కడేం లేదు కాబట్టి వెళ్లామని మాత్రం అనరు.

కాబట్టి ఈ వారం చేయాల్సింది చిన్న పనే. పది మందిని పోగేయండి. అందరూ సినిమా పిచ్చోళ్లే అయితే కష్టం, లెక్కలు చూసేవాళ్లు ఇద్దరు, మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒక కాగితం మీద తేదీలు, షోలు, సీట్లు, మీరు తేగలిగే జనం రాసుకోండి. మంగళవారం మ్యాట్నీ టైముకి మీకు దగ్గర్లో ఉన్న కొత్త హాలుకి వెళ్లండి. ముందు ఖాళీ సీట్లు లెక్కపెట్టండి. తర్వాత మేనేజర్ గది ఎక్కడో అడగండి.