జోన్ అంకె పక్కన ఇంకో అంకె కావాలి: అమెరికా వ్యవసాయ శాఖకు బహిరంగ లేఖ

అమెరికా వ్యవసాయ శాఖ వారికి,

దసరా దగ్గర పడుతుంటే న్యూజెర్సీలో, షికాగో శివార్లలో కిరాణా దుకాణాల ముందు చామంతి కుండీలు బారులు తీరుతాయి. బతుకమ్మ పేర్చే తెలుగు ఇళ్లవాళ్లు ఒకటికి నాలుగు కొంటారు. పూలు కోసుకున్నాక మొక్కను పెరట్లో నాటుతారు, ఎందుకంటే కుండీలో గుచ్చిన ప్లాస్టిక్ చీటీ మీద ‘హార్డీ, జోన్ 5 నుంచి 9’ అని, అంటే ఆ జోన్ల చలికి తట్టుకుంటుందని ఉంటుంది. ఉండే ఊరు జోన్ 6. ఇంకేం, ఏటా పూస్తుందనే నమ్మకం. ఏప్రిల్‌లో చూస్తే ఎండుపుల్లలే మిగులుతాయి. పట్టి లాగితే వేళ్లతో సహా చేతికొచ్చేస్తాయి.

చీటీ నర్సరీది, కానీ దాని మీది జోన్ల లెక్క మీది. 1960లో మొదట వెలువడి, 2023లో సవరణ పొందిన మీ జోన్ల మ్యాపు విలువైన పని. 13 వేలకు పైగా వాతావరణ కేంద్రాల లెక్కలు దాని వెనక ఉన్నాయి. అయితే అది చెప్పేది ఒక్కటే: 1991 నుంచి 2020 వరకు ఏటా అతి చల్లగా నమోదైన ఉష్ణోగ్రతల సగటు. సగటన్నాక అంతకంటే కిందికి దిగిన ఏళ్లూ ఉంటాయి. ఒక్క మొక్క చావడానికి అలాంటి ఒక్క రాత్రి చాలు.

డాలస్‌నే చూడండి. పాత మ్యాపులో అది జోన్ 8, అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్. 2021 ఫిబ్రవరి 16న అక్కడి విమానాశ్రయంలో మైనస్ 2 నమోదైంది, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్. ఆ అంకె జోన్ 6ది. జోన్ 8ని నమ్ముకుని పెంచిన గన్నేరు పొదలు నేలమట్టం దాకా మాడిపోయాయి. కొన్ని వేరు నుంచి మళ్లీ చిగిర్చాయి, కొన్ని ఇక లేవలేదు. బాధ కలిగించే విషయమేమిటంటే, లెక్క 2020తో ఆగిపోయింది కనుక ఆ రాత్రి మీ కొత్త మ్యాపులోకి రానే లేదు. పైగా దేశంలో దాదాపు సగం ప్రాంతం పాత మ్యాపు కంటే అర జోన్ వెచ్చని వరసలోకి జరిగింది. అది చూసి ఇంకా సున్నితమైన మొక్కలు కొనేవాళ్లుంటారు.

చలి ఒక్కటే చంపదు కూడా. కుండీ నిండా మొగ్గలున్న చామంతి సత్తువంతా పూలకే పోతుంది. అక్టోబరులో నాటితే వేళ్లు మట్టిలోకి పాకేలోపే నేల గడ్డకడుతుంది. తర్వాత కరుగుతూ, మళ్లీ గడ్డకడుతూ మట్టి ఉబ్బి, పైపైనే ఉన్న వేళ్లను బయటికి నెట్టేస్తుంది. అదే మొక్కను వసంతంలో నాటి, ఎండిన కాడలను చలికాలమంతా కత్తిరించకుండా వదిలి, నేల గడ్డకట్టాక మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. ఇంగ్లీష్ లావెండర్ గట్టి చలికి ఓర్చుకుంటుంది గానీ, నీరు నిలిచే బంకమట్టిలో వేరు కుళ్లి పోతుంది. ఇక హార్డీ మందారానిది తిరగబడ్డ కథ. శీతాకాలంలో పైభాగమంతా ఎండిపోయి, చాలాచోట్ల మే దాకా చిగురు వేయదు. చచ్చిందనుకుని బతికున్న మొక్కను తవ్వి పారేస్తారు.

మ్యాపు చూపేది సగటే తప్ప, ఆ ఊళ్లో పడిన అతి తీవ్రమైన చలి కాదని మీరే రాశారు. కొనేవాళ్లలో ఎంతమంది ఆ వివరణ దాకా వెళతారు? మీ వెబ్‌సైటులో జిప్ కోడ్ కొట్టగానే జోన్ అంకె కనబడుతోంది. దాని పక్కనే ఆ ప్రాంతంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతను, అది నమోదైన ఏడాదిని కూడా చూపించండి. ఏ నెలలో నాటాలో, ఎలాంటి నేల కావాలో చీటీ మీద వేయమని నర్సరీలను కోరండి. ఇందుకు కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు. ఆయా రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఎక్స్‌టెన్షన్ కార్యాలయాలు ఈ సలహాలు ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాయి. వాటిని కొనేవాళ్ల కంటపడే చోటికి తెచ్చే బాధ్యత తీసుకోండి.