తొంబదుల దశాబ్దమునకు తీర్పు చెప్పువారికి

ఒక దశాబ్దము గడచిన వెంటనే దానిపై వెలువడు తీర్పులలో ఆనాటి రాగద్వేషములే ప్రాయికముగా వినవచ్చును. పత్రములు బయటపడి, పాల్గొన్నవారి జ్ఞాపకములు గ్రంథస్థములై, ఆవేశములు చల్లారిన పిమ్మటగాని చరిత్రకారుని పని నిజముగా ఆరంభము కాదు. 2004 డిసెంబరులో మాజీ ప్రధాని పాములపర్తి వేంకట నరసింహారావుగారు కన్నుమూసిననాడు ఆయనను ఘనముగా స్మరించుటకు సొంత పక్షమువారే సంకోచించిరి. 2024లో ఆయనకు భారతరత్న లభించినది. ఇరువది వత్సరములలో ఒక పాలనాకాలపు విలువ ఇంతగా మారుట విచారింపదగిన విషయము.

1991నాటి సంస్కరణల కీర్తి చిరకాలము ఆర్థికమంత్రి మన్మోహన్ సింగుగారికే దక్కినది. 2015లో జైరాం రమేశ్, 2016లో సంజయ బారు, వినయ్ సీతాపతి ప్రకటించిన గ్రంథముల తరువాత ఆ అభిప్రాయము సవరింపబడినది. 1991 జూలై 24న, బడ్జెటు సమర్పణమునకు కొన్ని గంటల ముందు, లైసెన్సుల పద్ధతిని చాలవరకు తొలగించిన పారిశ్రామిక విధాన ప్రకటన పార్లమెంటు ముందుకు వచ్చెను. పరిశ్రమల శాఖ అప్పుడు ప్రధాని చేతిలోనే యుండెను. ఇంకను వెనుకకు చూచినవారికి, ఆ సంస్కరణలకు దారితీసిన ఆర్థికసంక్షోభము ఎనుబదులనాటి అప్పులలో మొలకెత్తి, 1990 నాటి గల్ఫ్ కల్లోలముతో ముదిరినదనియు, విదేశమారకద్రవ్యమునకై బంగారమును విక్రయించుట చంద్రశేఖరుగారి హయాముననే మొదలైనదనియు తెలిసినది. ఈ సవరణలు న్యాయమైనవే. అయితే ఆర్థికవిజయమును కొనియాడు ఉత్సాహములో, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును రక్షింపజాలని కేంద్రప్రభుత్వపు బాధ్యతను ఒక మూలకు త్రోయుట చరిత్ర యనిపించుకొనదు.

నా అభ్యంతరము అంతకంటె మౌలికమైనది. ఈ పునర్మూల్యాంకనమంతయు ఢిల్లీ సచివాలయముల గడప దాటుట లేదు. ఆ 1992లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొన్న కూలిస్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి; ఆ ఉద్యమము జిల్లాలకు వ్యాపించి 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీయగా, రెండేండ్లకే ఖజానా లోటు పేర అది సడలింపబడినది. 1997-98లో వరంగల్లు ప్రాంతపు పత్తిచేలపై లద్దెపురుగు విరుచుకుపడినప్పుడు, బ్యాంకు గుమ్మమెక్కజాలని కౌలురైతునకు విత్తనములు, పురుగుమందులు అరువిచ్చిన దుకాణదారే వడ్డీవ్యాపారి యయ్యెను; మందు వెనుక మందు కొట్టినను పైరు దక్కక, ఎందరో రైతులు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఆ 1998లోనే హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభోత్సవము జరిగినది. ఈ రెంటిని ఒకే అధ్యాయమున, ఒకదాని వెలుగులో మరియొకదానిని పరిశీలించి వ్రాయనంతవరకు, ఆ దశాబ్దమును గూర్చిన యే తీర్పైనను అసంపూర్ణమే.

అట్టి చరిత్రకు ఆధారములు గ్రామములలోనే యున్నవి. 1993నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టము కేంద్రప్రభుత్వ, కేంద్రపాలిత ప్రాంతముల పత్రములకు వర్తించునది. గ్రామపత్రములు దాని పరిధిలోనికి రావు గనుక, పంచాయతీ తీర్మానముల పుస్తకములను, మార్కెట్ యార్డు రిజిస్టర్లను, రాత్రిబడి వాచకములను, పత్రికల జిల్లా అనుబంధములను కాపాడుకొనుట మన పని. దూబగుంట ఉద్యమమున నడచిన స్త్రీలు, వరంగల్లు రైతుకుటుంబములవారు పెక్కుమంది నేటికిని మన నడుమనే యున్నారు. చెదలును మరపును తమ పని ముగింపకమునుపే, వారి మాటను వారి నోటనే విని నమోదుచేయుటకు ఉభయ తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయ చరిత్రశాఖలు పూనుకొనవలెనని నా విన్నపము.