పరుగెత్తే పాలకన్నా నిలబడే నీళ్లు మేలు

ఉద్దానం పల్లెల్లో ఏ వీధికి వెళ్లినా కరెంటు స్తంభాలకు రెండు మూడు నల్లతీగలు వేలాడుతూ కనిపిస్తాయి. ఒకటి ఇంటర్నెట్‌ది, ఒకటి కేబుల్ టి.వి.ది, మూడవది ఎవరిదో వీధిలో వారికే తెలియదు. కూడళ్లలో కట్టిన గుడ్డలమీద మాత్రం అంకెలు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటాయి. "సెకనుకు 100 మెగాబిట్లు" అని ఒకరు, "నెలకు 399 రూపాయలే" అని మరొకరు. తీగ తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో చెప్పే అంకె మాత్రం ఏ గుడ్డమీదా ఉండదు. ఇంట్లో కనెక్షన్ పెట్టించుకునే వారికి అన్నిటికన్నా అవసరమైన అంకె అదే.

ఈ జిల్లా నుంచి బతుకుతెరువుకు దూరదేశాలు పోయినవారు లేని ఊరు అరుదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పోతారు. యువకులు హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ దేశాలకు పోతారు. వారి ముఖం ఇంట్లోవారికి కనిపించేది ఫోను తెరమీదనే. పిల్లల ఉద్యోగ దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఫీజులు అన్నీ ఇంటర్నెట్ ద్వారానే జరుగుతున్నాయి. దరఖాస్తుకు ఆఖరు తేదీనాడు తీగ తెగి, నాలుగు రోజుల తర్వాత లైన్‌మన్ వస్తే, అంతకుముందు నెలంతా ఎంత వేగంగా వచ్చిందన్నది ఆ విద్యార్థికి దేనికీ పనికిరాదు.

ఎంత వేగం కావాలి?

ముందుగా వేగం సంగతి చూడాలి. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2023 జనవరిలో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. అంటే గుడ్డమీద 100 అని రాసినవారు 3 ఇచ్చినా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం అది బ్రాడ్‌బ్యాండే. 100 పక్కన చిన్న అక్షరాలతో "వరకు" అనే మాట ఒకటుంటుంది. చాలామంది దృష్టి ఆ మాటమీద పడదు.

మెగాబిట్ వేరు, మెగాబైట్ వేరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 30 మెగాబిట్ల కనెక్షన్‌లో సెకనుకు దిగేది నాలుగు మెగాబైట్లకన్నా తక్కువే. అయినా అది చిన్న వేగమేమీ కాదు. 700 మెగాబైట్ల సినిమా మూడు నిమిషాల పైచిలుకులో దిగుతుంది. ముఖం చూస్తూ మాట్లాడుకోవడానికి ఒకటి రెండు మెగాబిట్లు, స్పష్టమైన బొమ్మతో సినిమా చూడడానికి సుమారు 5 మెగాబిట్లు సరిపోతాయి. నలుగురున్న ఇంట్లో నలుగురూ ఒకేసారి వాడినా 20 మెగాబిట్లు నిలకడగా వస్తే ఏ లోటూ ఉండదు. కాబట్టి పల్లెటూరి సామాన్య కుటుంబానికి 100 అనే అంకె వెంట పరుగెత్తవలసిన పనిలేదు.

శివారు ఆయకట్టు కష్టం

ఉదయం పరుగులు తీసే ఇంటర్నెట్ రాత్రి ఎనిమిదింటికి ఎందుకు నత్తనడక నడుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వంశధార ఎడమ కాలువ శివారు రైతును అడిగితే చెబుతాడు. గొట్టా బ్యారేజి దగ్గర నీరు నిండుగానే బయలుదేరుతుంది. మధ్యలో ఎందరు తోడుకుంటారన్నదాన్ని బట్టి పలాస, వజ్రపుకొత్తూరు శివారు పొలాలకు చేరేది తేలుతుంది. ఇంటర్నెట్ కూడా అంతే.

ఊళ్లకు వస్తున్న ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి ప్రకారం ఒక గాజు తీగలో సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్లు వస్తాయి. దాన్ని చీల్చి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లూ ఒక్కసారే వాడినా ఇంటికి 39 మెగాబిట్లు దక్కాలి. అంటే ఊళ్లో పంపకం దగ్గర కొరత పెద్దగా లేదు. కొరతంతా పైన ఉంది. పట్టణం నుంచి మండలానికి, మండలం నుంచి ఊరికి వచ్చే పెద్ద లైనులో ఆపరేటరు ఎంత వేగం కొన్నాడన్నదే అసలు ప్రశ్న. రెండువందల ఇళ్లకు కనెక్షన్లిచ్చి పైనుంచి యాభై ఇళ్లకు సరిపడా మాత్రమే కొంటే, రాత్రిపూట అందరూ శివారు రైతులే.

అందుకే వేగాన్ని పగలు పదకొండింటికి కొలిచి మురిసిపోకూడదు. రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య, వరుసగా మూడు రోజులు కొలవాలి. ఇప్పటికే కనెక్షన్ ఉన్న పొరుగింటిలో ఇలా కొలిచి చూసి, ఆ తర్వాతనే డబ్బు కట్టడం తెలివైన పని.

399 అంటే 471

ఇక ఖర్చు. ప్రకటనలో 399 అని ఉన్నా, దానిమీద 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది. కట్టవలసింది దాదాపు 471 రూపాయలు. అలాగే 599 అంటే 707 రూపాయలు. పెట్టెకు డిపాజిట్టు ఎంత, తీగ లాగడానికి ఎంత, కనెక్షన్ మానేస్తే డిపాజిట్టు తిరిగి ఇస్తారా అన్నవి ముందే అడిగి, రసీదు తీసుకోవాలి. ఆరు నెలల డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు. పనితీరు తెలియని కనెక్షన్‌కు ఆరు నెలల సొమ్ము ముందే కట్టినవారికి మధ్యలో మానుకునే దారి కష్టమవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 471 రూపాయల కనెక్షన్ నెలలో పది రోజులు పనిచేయలేదనుకుందాం. పనిచేసిన ఇరవై రోజులకు పంచితే రోజుకు 23 రూపాయల 55 పైసలు. 707 రూపాయల కనెక్షన్ ముప్పై రోజులూ పనిచేస్తే రోజుకు 23 రూపాయల 57 పైసలు. రెండింటికీ తేడా రెండు పైసలు! పైగా ఆ పది రోజులూ ఫోనులో వేయించుకునే డేటా ఖర్చు వేరే. చౌక అనుకున్నది చౌక కాదని ఈ లెక్కే చెబుతుంది. ఆగిన రోజులు లెక్కించకుండా ధరలు పోల్చడం, తాలు తీయకుండా ధాన్యం తూచడం వంటిదే.

కరెంటు పోతే ఇంటర్నెట్టూ పోతుంది

వెనకటి రాగితీగ టెలిఫోనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. గాజుతీగలో వచ్చేది వెలుగు మాత్రమే. ఇంట్లోని పెట్టెకు కరెంటు ఇంటినుంచే కావాలి. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టుకుంటే ఇంట్లోని పెట్టె కొన్ని గంటలు నడుస్తుంది. కాని ఆపరేటరు గదిలోని యంత్రానికి ఇన్వర్టరు లేకపోతే ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నా ఫలితం లేదు. కనెక్షన్ తీసుకునేముందు అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి.

స్తంభాలతోపాటే తీగలు

రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్ సంస్థను 2015లో ఏర్పాటు చేసి, దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబరును కరెంటు స్తంభాలమీదుగా లాగించింది. భూమిని తవ్వే ఖర్చు, కాలం కలిసివచ్చాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టి.వి., ఫోను అన్నప్పుడు పల్లె జనం సంతోషించారు. ఆ ధర తర్వాత నిలవలేదు.

స్తంభాలమీద తీగలో ఒక బలహీనత ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతోపాటు వేలాది కరెంటు స్తంభాలు నేలకూలాయి. స్తంభం కూలితే దానిమీది తీగ మిగలదు. ఇంట్లోవారు క్షేమమో కాదో తెలియక దూరాన ఉన్నవారు తల్లడిల్లే రోజులవి. కబురు అత్యవసరమైన సమయంలోనే కబురు మోసే తీగ తెగిపోతుందన్న సంగతి ఉద్దానానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

తుపాను రాని రోజుల్లోనూ తీగకు గండాలు తక్కువేమీ కావు. గడ్డి లోడు ట్రాక్టరు తగిలి తెగుతుంది. కోతులు ఊగి తెంపుతాయి. ఎలుకలు కొరుకుతాయి. రోడ్డు వెడల్పు చేసేవారు తవ్విపోస్తారు. గాజుతీగను రాగితీగలా మెలిపెట్టి కలపడం కుదరదు. కరిగించి అతికే యంత్రం కావాలి. అది ప్రతి ఊళ్లో ఉండదు. అయిదారు ఊళ్లకు ఒక్క లైన్‌మన్, మండలకేంద్రంలో ఒక్క యంత్రం ఉన్నచోట రెండు తీగలు ఒకేరోజు తెగితే రెండో ఊరివారు ఎదురుచూడక తప్పదు. చిన్న ఆపరేటరు కష్టాలు కూడా నిజమే. అయితే ఆ కష్టం ఖరీదు మొత్తం వినియోగదారుడే భరించాలనడం న్యాయం కాదు.

గాలిలో వచ్చే కనెక్షన్

తీగ బాధ లేకుండా టవరు నుంచి ఇంటిమీది పెట్టెకు 5జి ద్వారా ఇచ్చే కనెక్షన్లు 2023 నుంచి దేశంలో వచ్చాయి. వీటికి వీధి స్తంభాలతో పనిలేదు. కాని టవరు దూరమైతే, మధ్యలో చెట్లు గుబురుగా ఉంటే సంకేతం బలహీనపడుతుంది. కొబ్బరితోటల నడుమ ఉన్న ఇళ్లవారు ఇది గుర్తుంచుకోవాలి. టవరుకు కూడా కరెంటు, బ్యాటరీ, పైనుంచి లైను కావలసిందే. కాబట్టి తీగ మంచిదా, గాలి మంచిదా అన్నదానికి అన్ని ఊళ్లకూ ఒకే జవాబు లేదు. అదే వీధిలో వాడుతున్నవారి అనుభవమే ప్రమాణం.

నిబంధనలు ఏమంటున్నాయి?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త సేవా ప్రమాణాలు 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి ఆగితే వినియోగదారుల అద్దెలో ఆ మేరకు తగ్గించాలని వాటిలో ఉంది. పోస్ట్‌పెయిడ్ తీగ కనెక్షన్‌లో లోపాన్ని మూడు రోజులు దాటాక సరిచేస్తే పరిహారం ఇవ్వాలనీ ఉంది. అయితే ఒక వీధిలో తీగ తెగితే అది జిల్లా స్థాయి అంతరాయం కిందికి రాదు. పల్లెల్లో చాలామంది ముందుగా డబ్బు కట్టేవారే. అంటే నిబంధన ఉన్నా దాని నీడ పల్లె వీధిదాకా పూర్తిగా చేరడంలేదు.

అలాగని వినియోగదారుడు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ దాని నంబరు అడిగి రాసిపెట్టుకోవాలి. లైన్‌మన్‌కు ఫోను చేసి "చూస్తాను" అనిపించుకోవడం ఫిర్యాదు కాదు. కంపెనీలో వినకపోతే అక్కడే అప్పీలు అధికారి ఉంటారు. ఆపైన వినియోగదారుల సహాయ కేంద్రం 1915 ఉంది. టెలికాం సేవలమీద ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ విచారించవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చేయవలసింది ఏమిటి?

పట్నవాసికి ఒక కంపెనీ నచ్చకపోతే మరొకటి దొరుకుతుంది. పల్లెలో చాలాచోట్ల ఉన్నది ఒకే తీగ. ఒంటరిగా ఒక ఇంటివారు అడిగితే ఆపరేటరు లెక్కచేయకపోవచ్చు. యాభై ఇళ్లవారు కలిసి అడిగితే కాదనలేడు. తీగ తెగితే ఇన్ని గంటల్లో బాగుచేస్తాము, దాటితే రోజుకు ఇంత తగ్గిస్తాము అని కాగితంమీద రాయించుకోవాలి. పంచాయతీ నోటీసు బోర్డులో ప్రతి నెలా ఏ కనెక్షన్ ఎన్ని రోజులు ఆగిందో రాసి పెట్టాలి. దీనికి కావలసింది సుద్దముక్క మాత్రమే. ఆ అంకె కళ్లముందు కనిపిస్తే కొత్తగా తీసుకునేవారికి దారి తెలుస్తుంది, ఆపరేటరుకూ బాధ్యత తెలుస్తుంది.

ప్రభుత్వం చేయవలసిందీ ఉంది. 2011లో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం లక్ష్యం ప్రతి పంచాయతీకి ఫైబరు చేర్చడం. 2023 ఆగస్టులో కేంద్రం దీనికి 1 లక్షా 39 వేల కోట్ల రూపాయలతో సవరించిన పథకాన్ని ఆమోదించింది. ఇందులో పంచాయతీలను గొలుసుకట్టు వలయంగా కలపాలన్నది ముఖ్యాంశం. వలయమైతే ఒకవైపు తెగినా రెండోవైపునుంచి సేవ అందుతుంది. తుపాన్ల తాకిడికి ఎదురుగా ఉన్న ఈ తీరానికి అటువంటి వలయం ముందుగా రావాలి. తీరం వెంబడి వీలైనచోట తీగను భూమిలో వేయాలి. విద్యుత్ శాఖవారు కూలిన స్తంభం నిలబెట్టేటప్పుడే తీగల వారినీ పిలిపించి ఒకేసారి పని ముగించే ఏర్పాటు చేయాలి. అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయంపై దృష్టి సారించవలసి ఉంది.

పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు అన్నారు. ఇంటర్నెట్ విషయంలో పల్లెవాసి పట్టుకోవలసిన మాట అదే. ఈసారి ఎవరైనా వచ్చి "వంద స్పీడు, కొత్త ఆఫరు" అంటే, "నిరుడు మా వీధిలో మీ తీగ ఎన్ని రోజులు ఆగింది?" అని అడగాలి. జవాబు చెప్పగలిగినవారికే డబ్బు కట్టాలి.