‘కనపళ్ళేదు సార్’

ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో గడిపిన ఏళ్ళలో నేను పదేపదే విన్న మాట ఇది. మునిమాపువేళ సైకిలును గుద్దిన లారీ డ్రైవరైనా, మోటారు సైకిలు కుర్రవాడైనా ఇదే అనేవారు. తప్పించుకొనడానికి చెబుతున్నారని తొలినాళ్ళలో కోపగించేవాణ్ణి. చాలామంది చెప్పినది నిజమేనని తరువాత బోధపడింది.

డిమ్ లైటులో ముదురు రంగు బట్టలవాడు దాదాపు 30 మీటర్ల దగ్గరకు వచ్చేదాకా కంటికి ఆనడు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం, డ్రైవరు చూసి బ్రేకు తొక్కే ఒకటిన్నర సెకనులోనే 25 మీటర్లు దాటుతుంది. అరవై ఏళ్ళ డ్రైవరైతే మరీ కష్టం. ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే అతని రెటీనాకు చేరే వెలుతురు సుమారు మూడోవంతే.

ప్రొద్దుటూరు–జమ్మలమడుగు దారిలో, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో, తెల్లవారుజామున పాలక్యాన్లతో వెళ్ళేవారి సైకిళ్ళకూ, పొద్దుగూకి ట్యూషను నుంచి వచ్చే పిల్లల సైకిళ్ళకూ చాలావాటికి వెనుక దీపమే ఉండదు. మా చిన్నతనపు డైనమోలు పోయాయి. వాటి స్థానంలో ఏదీ రాలేదు.

డెన్మార్కులోని ఓడెన్సేలో 2004–05లో 3,845 మంది సైకిలిస్టులతో ప్రయోగం చేశారు. సగానికి కొంచెం తక్కువమంది సైకిళ్ళకు ఎప్పుడూ వెలిగే దీపాలు బిగించారు. గాయాలైన ప్రమాదాలు వారిలో 19 శాతం తక్కువ.

అటువంటి దీపాన్ని మనమే చేసుకోవచ్చు. అమెరికాలో లియా బ్యూక్లీ లిలీప్యాడ్ ఆర్డునో అనే, బట్టకు కుట్టుకునే సర్క్యూటుతో, మలుపు సూచించే దీపాల జాకెట్టు తయారుచేసి, ఆ విధానమంతా అందరికీ తెరిచిపెట్టారు. మన ఎండలకు జాకెట్టు పనికిరాదు. ఆ తెరిచిపెట్టే పద్ధతి పనికివస్తుంది. ఎనిమిది కాళ్ళ అటైనీ85 చిప్పు, వెలుతురును పసిగట్టే ఎల్‌డీఆర్, కుదుపుకు స్పందించే స్విచ్చి, ఎర్ర ఎల్ఈడీ, మూడు పెన్సిల్ సెల్లులు చాలు. చీకట్లో సైకిలు కదిలితే దానంతటదే వెలుగుతుంది, ఆపిన కాసేపటికి ఆరుతుంది. బిడ్డ గుర్తుపెట్టుకోవలసిన పనిలేదు. సర్క్యూటు పటం బహిరంగం కనుక, చెడితే సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడే సరిచేయగలడు.

పులివెందుల జేఎన్‌టీయూ కళాశాల విద్యార్థులు దీన్నే ప్రాజెక్టుగా తీసుకొని, ఒక్క ఉన్నత పాఠశాలలోని సైకిళ్ళన్నింటికీ బిగించాలని నా కోరిక. దీపం మరీ ప్రకాశవంతంగా ఉండరాదు, వెనుకవాని కళ్ళు చెదురుతాయి. మిణుకుమనేది చూపును లాగుతుంది గాని దూరం అంచనాకు అందదు. పక్కన నిలకడగా వెలిగేది ఒకటి ఉండాలి.

బాధ్యత డ్రైవరుది కాదా అంటారు. అవును, అతనిదే, వేగం తగ్గించవలసినదీ అతడే. కాని విరిగిన తొడ ఎముకకు కట్టు కట్టేటప్పుడు ఆ వాదన నాకెన్నడూ అక్కరకు రాలేదు.

అంతవరకు పెడళ్ళకు రిఫ్లెక్టివ్ టేపు అంటించండి. పైకీ కిందికీ ఆడే మెరుపును చూడగానే మెదడు ‘మనిషి’ అని గుర్తిస్తుంది. మా పాలతను ‘ఎందుకులే సార్’ అన్నాడు. నేనే కూర్చుని అంటించాను.