అనుదినాహారము

క్రైస్తవ గృహములలో ప్రతిదినమును పలుకబడు ప్రభువు ప్రార్థనయందు ఆహారమును గూర్చిన విన్నపమొకటి కలదు. అందలి రెండు విశేషములను ఈ మాసము మనవి చేయదలచినాము. మొదటిది, అందు వేడుకొనునది నేటి కూడేగాని ఏడాదికి చాలిన ధాన్యము కాదు. రెండవది, వేడుకొనువారు "నాకు" అనక "మాకు" అందురు.

మొదటిదాని యర్థము గృహిణికి వేరుగా జెప్ప నక్కరలేదు. బియ్యపు డబ్బాలో అడుగు కనబడిన రాత్రి ఆమెకు నిద్ర యెట్లు పట్టును? అరణ్యమున ఇశ్రాయేలీయులు మన్నాను ఏనాటి కానాడే కూర్చుకొనిరి. ఆజ్ఞ మీరి మరునాటికై దాచినది పురుగుపట్టి చెడిపోయెను. అయినను వారు ప్రతి యుదయమును బయటికి పోయి ఏరుకొనవలసియే యుండెను. కాబట్టి దేవుని నమ్ముకొనుట యనగా పని మానుట గాని, పొదుపు విడుచుట గాని కాదు. చేయదగినది చేసి, రేపటి చింతను ఆయన పాదములచెంత దించుటయే.

ఈ మాటలు పలుకుట సులభమే. పటాన్‌చెరువు సమీపమునగల పాశమైలారము పారిశ్రామికవాడలో పలుకుట కష్టము. 2025 జూన్ 30వ తేది సోమవారము ఉదయమున అచ్చటి సిగాచి కర్మాగారమందు ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించిరి. బీహారు, ఒడిశా మొదలగు దూరప్రాంతములనుండి పొట్టకూటికై వచ్చినవారు వారిలో అనేకులు. కొందరి దేహములను గుర్తించుటకు బంధువుల రక్తముతో సరిపోల్చి చూడవలసి వచ్చెను. నాటి యాహారమును సంపాదించుటకు వెళ్లినవారే వారందరును. అట్టి యింటి యిల్లాలితో "దేవుడే చూచుకొనును" అని పలికి లేచివచ్చుట విశ్వాసమగునా? అన్నవస్త్రములు లేనివానికి మంచిమాట మాత్రమే చెప్పి పంపువాని విశ్వాసము నిర్జీవమని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది. ఆ మరణములను దైవచిత్తమని చెప్పి ఊరకుండుటయు ధర్మము కాదు. పనిచేయు చోటును భద్రముగా నుంచుట మనుష్యుల విధి.

ఇచ్చటనే "మాకు" అను రెండవ విశేషము మనకు దారి చూపును. పాశమైలారము 2016 వరకు మెదకు జిల్లాలోనిదే. ఆ మెదకు పట్టణమున చార్లెస్ వాకర్ పోస్నెట్ అను మిషనరీ కరవుచే కూడు లేనివారికి పని కల్పించి, అన్నము పెట్టుచు మహాదేవాలయమును కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదిన దానికి ప్రతిష్ఠ జరిగెను. ఆకలిగొన్నవారి ప్రార్థనకు అచ్చట ఉత్తరము పనిరూపమున, అన్నపు ముద్దరూపమున వచ్చెను.

1912 మొదలు 1945 వరకు దోర్నకల్ బిషప్పుగా నుండిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి కాలమున సంఘస్త్రీలు వంటకు బియ్యము తీయునపుడెల్ల పిడికెడు వేరుగా నుంచి దేవునికి సమర్పించెడివారు. వారిలో ననేకులు నిరుపేదలు. ఒకరు పెట్టగా తినవలసినవారని లోకము తలచిన ఆ స్త్రీలే ఇచ్చువారైరి. తన కడపటి పిండిని ఏలీయాకు రొట్టెచేసి పెట్టిన సారెపతు విధవరాలికి వారు సొంత తోబుట్టువులు గారా?

సోదరీమణులారా, మీ యింట ప్రార్థన ముగిసిన పిమ్మట పొయ్యి వెలిగించుటకు ముందు ఒక పిడికెడు తీసి యుంచుడు. సంపాదించువాడు పోయిన యిల్లు మీ వాడకట్టున నున్నయెడల, వారిది ఏ మతమో, ఏ భాషయో యని చూడక దానిని అందింపుడు. పరిహారపు కాగితములు నడచుచున్నవా, బిడ్డలు బడికి పోవుచున్నారా యని విచారింపుడు. మన్నాను ఎక్కువ ఏరినవానికి మిగులలేదు, తక్కువ ఏరినవానికి కొరతపడలేదు. ఆ కొలత తప్పకుండ చూచు భారము నేడు మన చేతులయందున్నది.