బొమ్మల కొట్టు మూతపడింది పిల్లల వల్ల కాదు

"ఈ కాలం పిల్లలకి బొమ్మలెందుకండీ, చేతిలో ఫోనుంటే చాలు!" బొమ్మల వ్యాపారం దెబ్బతిందని ఎక్కడ విన్నా మనం వెంటనే అనేసే మాట ఇది. అమెరికాలో 'టాయ్స్ ఆర్ అస్' అనే పెద్ద బొమ్మల కంపెనీ 2018లో అక్కడి దుకాణాలన్నీ మూసేసినప్పుడు కూడా చాలామంది ఇదే అన్నారు. కొందరు తప్పంతా పిల్లల మీద వేశారు. ఇంకొందరు ఇంటర్నెట్‌లో అమ్మే అమెజాన్ మీద వేశారు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ కంపెనీని ముంచింది ముఖ్యంగా అప్పు అని నా అభిప్రాయం. అందులో చాలా భాగం తన అవసరానికి తాను చేసుకున్న అప్పు కూడా కాదు. ఎవరో తెచ్చి దాని నెత్తిన పెట్టిన అప్పు.

అప్పు సంగతి ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. పాలవాడి లెక్క, కిరాణా కొట్టు ఖాతా, చీటీ వాయిదా, బ్యాంకు వడ్డీ అన్నీ నెల మొదట్లోనే మన కళ్లముందు నిలబడతాయి. అందుకే ఈ కథ వ్యాపారం పేజీలో కన్నా మన పేజీలో చెప్పుకోవడమే సబబనిపించింది.

ముందు ఆ కంపెనీ ఎలా పెరిగిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన చార్లెస్ లాజరస్ అనే యువకుడు 1948లో వాషింగ్టన్ నగరంలో పసిపిల్లల మంచాలూ అవీ అమ్మే కొట్టు పెట్టాడు. యుద్ధం ముగిసి సంసారాలు కుదుటపడుతున్న రోజులవి. ఎవరింట్లో చూసినా పసిబిడ్డే. కొట్టుకొచ్చినవాళ్లు "బొమ్మలు లేవా?" అని అడగసాగారు. అప్పుడతనికి ఒక కిటుకు తెలిసింది. మంచం ఒకసారి కొంటే రెండో బిడ్డకీ మూడో బిడ్డకీ అదే పనికొస్తుంది. బొమ్మ అలా కాదు. విరుగుతుంది, పాతబడుతుంది, మళ్లీ కొనాలి. అలా 1957లో బొమ్మలకే ప్రత్యేకంగా దుకాణం తెరిచాడు. తర్వాత అది ఊరూరా వెలిసింది. జెఫ్రీ అనే జిరాఫీ బొమ్మ దాని గుర్తు. ఎన్నో ఏళ్లపాటు అమెరికాలో బొమ్మ కొనాలంటే పిల్లలు ముందుగా తలుచుకునేది ఆ దుకాణాన్నే.

కంపెనీ తప్పులేమీ లేవని నేననడం లేదు. వాల్‌మార్ట్ బొమ్మల్ని తక్కువ ధరకి అమ్మి, 1998 నాటికి దాన్ని దాటిపోయింది. 2000లో ఇంటర్నెట్ అమ్మకాల కోసం అమెజాన్‌తో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. అంటే తన గల్లాపెట్టె దగ్గర తన పోటీదారుణ్ణే కూర్చోబెట్టినట్టయింది. చివరికి గొడవపడి 2004లో కోర్టుకెక్కింది. 2006లో ఆ ఒప్పందం రద్దయ్యేసరికి విలువైన కాలం కాస్తా గడిచిపోయింది. ఇవన్నీ నిజమే. కానీ ఇలాంటి దెబ్బలు తిన్న కంపెనీలు తేరుకోలేదా? లెగో కంపెనీ 2003, 2004 ప్రాంతంలో మునిగిపోయే దాకా వచ్చింది. మళ్లీ లేచి నిలబడి, ప్రపంచంలోకెల్లా పెద్ద బొమ్మల తయారీ కంపెనీ అయింది. ఫోన్లొచ్చిన తర్వాతే అంత ఎదిగిందని మర్చిపోకండి. పిల్లలు ఆడుకోవడం మానేస్తే అదెలా సాధ్యం?

ఇక అసలు సంగతికొద్దాం. 2005లో బెయిన్ కేపిటల్, కేకేఆర్, వొర్నాడో అనే మూడు సంస్థలు కలిసి టాయ్స్ ఆర్ అస్‌ని 660 కోట్ల డాలర్లకి కొన్నాయి. అందులో వాళ్ల సొంత సొమ్ము దాదాపు 130 కోట్ల డాలర్లు. మిగతాది అప్పు. ఆ అప్పు తీర్చాల్సింది ఎవరనుకున్నారు? కొన్నవాళ్లు కాదు, బొమ్మల కంపెనీయే! మగపెళ్లివారు ఆడంబరానికి అప్పుచేసి, దాన్ని కొత్తకోడలి జీతంలోంచి తీర్చమన్నట్టుంది కదూ? అక్కడ ఈ పద్ధతి చట్టప్రకారమే జరిగింది. ఎవరూ దొంగతనం చేయలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ అదే.

ఆ తర్వాత కంపెనీ నెత్తిన 500 కోట్ల డాలర్ల దాకా అప్పు కూర్చుంది. దాని మీద ఏడాదికి కట్టే సొమ్ము 40 కోట్ల డాలర్ల పైమాటే. అలాగని అమ్మకాలు లేవా అంటే, 2016లో దాదాపు 1,150 కోట్ల డాలర్ల సరుకు అమ్మింది. ఇంత బేరమున్న కొట్టుని పట్టుకుని "పిల్లలు బొమ్మలు మానేశారు" అంటే నమ్మడమెలా? వచ్చిన లాభాన్ని వడ్డీ మింగేస్తుంటే దుకాణాలు బాగు చేయించడానికి, మంచి వెబ్‌సైటు పెట్టుకోవడానికి, చాలినంతమంది పనివాళ్లని పెట్టుకోవడానికి డబ్బెక్కడిది? చూరు కారుతున్నా ఓటికప్పు మార్పించలేక, ముందు వడ్డీ కట్టే ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది?

2017 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీయబోతోందన్న వార్త పొక్కింది. వెంటనే సరుకిచ్చేవాళ్లు చాలామంది "ముందు డబ్బు, తర్వాతే సరుకు" అన్నారు. మన వీధి కొట్టువాడు ఖాతా పుస్తకం మూసేసినట్టన్నమాట. ఆ నెలలోనే కంపెనీ కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టింది. క్రిస్మస్ అమ్మకాలు కూడా ఆదుకోలేదు. 2018 మార్చిలో అమెరికాలోని దుకాణాలన్నీ మూసేస్తున్నామని ప్రకటించింది. ఆ తర్వాత వారం రోజులకే, మార్చి 22న, లాజరస్ 94వ ఏట కన్నుమూశాడు.

న్యూజెర్సీలో ఉండే మా అక్క కూతురు అప్పట్లో ఫోన్ చేసి, "పిన్నీ, బొమ్మలు తక్కువ ధరకి అమ్మేస్తున్నారు, పిల్లలకి బోలెడు కొన్నాను" అని సంబరంగా చెప్పింది. తర్వాత కాసేపాగి, "బిల్లు వేసే ఆవిడ కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి" అంది. నాకు ఆ బొమ్మలకన్నా ఆవిడే గుర్తుండిపోయింది.

అలా ఉద్యోగం పోయినవాళ్లు 33,000 మంది దాకా ఉన్నారు. ఇరవై, ముప్ఫై ఏళ్లు పనిచేసినవాళ్లున్నారు. ఉద్యోగం పోయినప్పుడు ఇవ్వాల్సిన పరిహారం ఇవ్వలేమని కంపెనీ చేతులెత్తేసింది. అదే కంపెనీ దివాలా దరఖాస్తుకి కొద్దిరోజుల ముందు పై అధికారులకి 80 లక్షల డాలర్లకి పైగా బోనసులు పంచింది! ఈ అన్యాయాన్ని అక్కడి ఉద్యోగినులు ఊరుకోలేదు. ఊరేగింపులు తీశారు, చట్టసభ సభ్యుల్ని కలిశారు, ఆ సంస్థల్లో డబ్బు పెట్టిన పింఛను నిధుల వాళ్లని నిలదీశారు. చివరికి 2018 నవంబరులో కేకేఆర్, బెయిన్ కలిసి 2 కోట్ల డాలర్ల సహాయనిధి ఇచ్చాయి. తలా సమానంగా పంచితే 600 డాలర్లు. అమెరికాలో అది ఒక నెల ఇంటద్దెకి కూడా చాలదు. అయినా చట్టం ఇవ్వమనని సొమ్ముని రాబట్టారంటే అది వాళ్ల పట్టుదలే.

"కొన్నవాళ్ల సొంత సొమ్ము కూడా పోయింది కదా?" అని మీరడగొచ్చు. పోయింది. కానీ మధ్యలో సలహాలిచ్చినందుకని ఫీజుల రూపంలో కోట్ల డాలర్లు ఆ కంపెనీ నుంచే తీసుకున్నారు. పైగా వాళ్లకి ఇది కాకపోతే ఇంకో వ్యాపారం. బిల్లు వేసే ఆవిడకి ఉన్నది ఆ ఒక్క జీతమే. ఇద్దరి నష్టాన్నీ ఒక్క తక్కెడలో ఎలా తూస్తాం?

ఆ పేరు మాత్రం మళ్లీ బతికింది. 2022 నుంచి మేసీస్ అనే పెద్ద దుకాణాల్లో ఆ బోర్డుతో బొమ్మల అరలు వెలిశాయి. పేరుకి ఎప్పుడూ కొనేవాళ్లుంటారు. ముప్ఫై ఏళ్ల నౌకరీని తిరిగి తెచ్చేవాళ్లే ఉండరు.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకంటారా? మన ఇళ్లలో చూడండి. డ్వాక్రా సంఘంలో అప్పు ఆమె పేరు మీద, ఖర్చు ఆయన చేతి మీద. వాయిదా తప్పితే సంఘంలో తలదించుకునేది ఆమె. మరిది వ్యాపారానికి వదిన జామీను సంతకం, అన్న ఇంటికి చెల్లెలి నగల తాకట్టు. అప్పు వాడుకునే చెయ్యి ఒకటి, తీర్చే చెయ్యి ఒకటి అయినప్పుడు వాడుకునేవాళ్లకి భయముండదు. అంత పెద్ద కంపెనీకి జరిగిందీ అదే.

కాబట్టి కాగితం మీ ముందుకొచ్చినప్పుడు మొహమాటపడకండి. ఈ డబ్బు ఎవరికోసం? వాయిదా ఎవరి సంపాదనలోంచి? వ్యాపారం దెబ్బతింటే ఏం పోతుంది, ఎవరిది పోతుంది? ఈ మూడింటికీ జవాబు వచ్చాకే పెన్ను పట్టుకోండి. "ఇంట్లో వాళ్లనే నమ్మవా?" అంటారు. అననివ్వండి. నమ్మకం వేరు, లెక్క వేరు.