ఓటు వేసినవారే లెక్క చెప్పాలి

అమెరికా సెనేట్, ప్రతినిధుల సభ సభ్యులకు జొన్నగిరి నుంచి బహిరంగ లేఖ



2025 జూన్ 27న మీ సెనేట్‌లో జరిగిన ఓటింగు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరాన్ మీద ఇకముందు సైనిక చర్యకు దిగాలంటే అధ్యక్షుడు ముందుగా కాంగ్రెస్ అనుమతి తీసుకోవాలని వర్జీనియా సెనేటర్ టిమ్ కెయిన్ పెట్టిన తీర్మానం ఆ రోజు ఓటింగుకు వచ్చింది. అనుకూలంగా 47 ఓట్లు, వ్యతిరేకంగా 53. తీర్మానం వీగిపోయింది. అంతకు అయిదు రోజుల ముందే, జూన్ 22న, మీ బి-2 విమానాలు ఏడు వెళ్లి ఫోర్దో, నతాంజ్ అణుకేంద్రాల మీద పద్నాలుగు భారీ బాంబులు వేశాయి. ఇస్ఫహాన్ మీద క్షిపణులు పడ్డాయి. ఆ దాడికి ముందు కాంగ్రెస్‌లో ఓటింగు లేదు. ఇకముందైనా ఉండాలని అడిగితే అక్కర్లేదని 53 మంది ఓటు వేశారు. యుద్ధం ప్రకటించే అధికారం మీ రాజ్యాంగం మీకే ఇచ్చింది. ఆ అధికారం చేజారిపోకూడదనే 1973లో నిక్సన్ వీటోను తోసిపుచ్చి మరీ మీ పెద్దలు యుద్ధాధికారాల చట్టం తెచ్చారు.

మాది కర్నూలు జిల్లా, తుగ్గలి మండలం, జొన్నగిరి. తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వజ్రాల కోసం మా ఎర్రచేలల్లో తలవంచుకుని వెతుకుతుంటారు. వానలు మొహం చాటేస్తే ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెలు మూటాముల్లె సర్దుకుని సుగ్గికి వలస పోతాయి. ఇట్లాంటి చోటు నుంచి మీకు ఉత్తరం రాయడానికి కారణం మా ఊరి పొలిమేరలో ఉంది.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర చిన్న గుట్ట. ఆ గుట్ట బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. పద్నాలుగు పెద్ద శాసనాలూ చిన్న శాసనాలూ ఒకేచోట దొరికే అరుదైన తావు ఇది. 1920ల చివర పండితులు గుర్తించేదాకా వాటిలో ఏముందో మా పెద్దలకు తెలియదు. బండ గరుకు. అక్షరాలు చిన్నవి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే బ్రాహ్మీ గీతలు ఒక్కొక్కటే పైకి తేలుతాయి, నడినెత్తి ఎండలో అయితే రాయి తప్ప ఏమీ కనబడదు. ఆ పద్నాలుగింట్లో పదమూడోది కళింగ యుద్ధం గురించి. గెలిచిన రాజే చెప్పి చెక్కించిన లెక్క అది. లక్షన్నర మందిని పట్టుకుపోయారు, లక్షమంది అక్కడే హతమయ్యారు, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత చనిపోయారు. అంతటితో ఆగలేదు. తాము బతికి బయటపడ్డా ఆత్మీయులు పోగా కుమిలినవాళ్ల బాధను కూడా ఆ లెక్కలో కలిపాడు. కళింగంలోనే ఉన్న ధౌళి, జౌగడ బండల మీద ఈ పదమూడో శాసనం లేదు. దెబ్బతిన్న నేల మీద వదిలేసి, దూరాన ఉన్న మా నేల మీద చెక్కించాడు.

అశోకుణ్ణి మీకు మహాత్ముడిగా చూపించాలని కాదు. అదే శాసనంలో అడవి జనానికి హెచ్చరిక కూడా ఉంది, దండించే శక్తి తనకు ఇంకా ఉందని గుర్తు చేస్తాడు. సైన్యాన్ని రద్దు చేయలేదు, కళింగాన్ని తిరిగి ఇచ్చేయలేదు. కానీ ఎంతమంది చచ్చారో తన పేరు మీదే రాయించుకున్నాడు. మిమ్మల్ని నేను అడగబోయేది కూడా ఆ ఒక్కటే.

ముందుగా, దాడిని సమర్థించే మీ వాదనలో నిజమున్నంత మేరకు ఒప్పుకుంటాను. ఇరాన్ చేతికి అణుబాంబు రాకూడదు. 60 శాతం దాకా శుద్ధి చేసిన యురేనియం దాదాపు 408 కిలోలు ఇరాన్ దగ్గర పోగుపడిందని 2025 మే నెలలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. కరెంటు తయారీకి అంత శుద్ధి అక్కర్లేదు. ఇజ్రాయెల్ అనేదే ఉండకూడదని బహిరంగంగా మాట్లాడే పాలకులు అక్కడ ఉన్నారు. టెల్ అవీవ్‌లో పిల్లల్ని పడుకోబెట్టే తల్లి భయం కల్పితం కాదు. ఇవన్నీ నిజాలే.

అయితే ఆ నిల్వ ఎట్లా పెరిగిందో కూడా చూడండి. 2015 జులై 14న కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరాన్ 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు, 300 కిలోలకు మించి నిల్వ పెట్టకూడదు. ఆ హద్దులు పాటిస్తోందని తనిఖీదారులు నివేదిక మీద నివేదిక ఇస్తూ వచ్చారు. 2018 మే 8న ఆ ఒప్పందం నుంచి తప్పుకున్నది మీ దేశం. 60 శాతం శుద్ధి మొదలైంది 2021లో. మీ గూఢచార సంస్థల అధిపతి హోదాలో తులసీ గబార్డ్ 2025 మార్చిలో మీ సెనేట్ కమిటీ ముందే, ఇరాన్ అణ్వాయుధం తయారు చేయడం లేదన్నది తమ సంస్థల అంచనా అని చెప్పారు. మూడు నెలలు తిరక్కుండానే బాంబులు పడ్డాయి.

ముందు కొట్టాలనే ఆలోచన మా సీమకు కొత్త కాదు. "వాడు మనల్ని లేపేయకముందే మనమే వాణ్ణి లేపేయాల" అన్న మాట మీద ఇక్కడ రెండు మూడు తరాలు నలిగిపోయాయి. అవతలివాడు నాటుబాంబులు చుడుతున్నాడని కబురొస్తే ఇవతలివాడు కాపుకాసి కొట్టేవాడు. కొట్టినవాడు గెలిచానని అనుకున్న మర్నాటి నుంచి అతని ఇంటి చుట్టూ రాత్రంతా కాపలా. చచ్చినవాడి కొడుకు బంధువుల ఊళ్లో పెరిగి పద్దెనిమిదేళ్లకు తిరిగొచ్చేవాడు. మాకు దగ్గర్లోని కప్పట్రాళ్ల ఆ రోజుల్లో ఫ్యాక్షన్‌కు మారుపేరు. ఆ ఊరు నెమ్మదించింది ఎవరో ఒకరు అందరికంటే ముందు కొట్టినందుకు కాదు. కేసులు నడిచాయి, పోలీసు పికెట్ పడింది, జిల్లా ఎస్పీగా ఉన్న ఆకె రవికృష్ణ ఊరిని దత్తత తీసుకున్నారు, పిల్లలు బడికి పోయారు. ఇరుపక్షాల ఇళ్లలోకీ వెళ్లి చూడగలిగే మూడో మనిషి ఒకడుండటం వల్ల నెమ్మదించింది.

ఇరాన్‌లో ఆ మూడో మనిషి అణుశక్తి సంస్థ తనిఖీదారు. దాడుల తర్వాత ఇరాన్ పార్లమెంటు ఆ సంస్థతో సహకారం నిలిపేస్తూ చట్టం చేసింది. జులై మొదట్లో తనిఖీదారులు దేశం విడిచి వెళ్లారు. ఆ 408 కిలోలు ఏ గుహలో ఉన్నాయో, ఎంత మిగిలాయో స్వయంగా చూసి చెప్పేవాళ్లు లేకుండా పోయారు. బాంబు రాకుండా చేయడానికి వెళ్లి, దాన్ని కనిపెట్టి చూసే కళ్లను పోగొట్టుకున్నారు. ఆ 53 ఓట్లతో లోకానికి దక్కిన భద్రత ఏమిటో నాకు అర్థం కాదు.

ఇట్లా జరగడం ఇదే మొదలు కాదు. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరును కూల్చాయి. ఆ చర్యను ఖండించిన భద్రతా మండలి 487వ తీర్మానానికి మీ దేశం కూడా ఓటు వేసింది. ఇరాక్ పాలకుడు సద్దాం ఆగలేదు, అణు కార్యక్రమాన్ని రహస్యంగా మరింత పెంచాడు. 1991 యుద్ధం తర్వాత తనిఖీదారులు వెళ్లి చూస్తే గానీ అది ఎంత పెద్దదో బయటపడలేదు. దాన్ని విప్పి, ధ్వంసం చేయించిందీ ఆ తనిఖీదారులే. ఇక 2002 అక్టోబరులో మీ ప్రతినిధుల సభ 296-133 ఓట్లతో, సెనేట్ 77-23 ఓట్లతో ఇరాక్ యుద్ధానికి అనుమతి ఇచ్చాయి. ఐక్యరాజ్యసమితి తనిఖీదారు హాన్స్ బ్లిక్స్ బృందం ఇంకా కొన్ని నెలలు గడువు కావాలంటే వినలేదు. చివరికి మీరే పంపిన బృందం 2004లో, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు లేవని తేల్చింది. మీ సైనికులు దాదాపు 4,500 మంది పోయారు. ఇరాక్ పౌరుల మరణాలు నమోదైనవే లక్ష దాటాయి. ఆ లెక్క రాసింది మీ సభ కాదు, పత్రికల కత్తిరింపులూ ఆసుపత్రుల రికార్డులూ ముందేసుకుని స్వచ్ఛందంగా కూర్చున్న మనుషులు. ఆనాడు 23 మంది సెనేటర్లు వద్దని ఓటు వేశారు. వాళ్ల మాటే నిజమని తేలింది.

మీ దేశం దగ్గర బాంబు లేదా అని మీరడగొచ్చు. ఉంది. 1974లో, 1998లో పోఖ్రాన్‌లో పరీక్షలు చేశాం. ఇరాన్ సంతకం చేసిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద మేం చేయలేదు. కాబట్టి నీతులు చెప్పను, జరిగింది చెబుతాను. 1980లలో పాకిస్తాన్‌లోని కహూటా కేంద్రం మీద మా దేశం దాడి చేస్తుందన్న మాట గట్టిగానే వినిపించేది. అట్లాంటి రోజుల్లో, రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ప్రధానులుగా ఉండగా, 1988 డిసెంబరు 31న ఇరుదేశాలు ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాత ఆగలేదు. 2001 డిసెంబరులో మా పార్లమెంటు మీద దాడి జరిగి, లక్షల సైన్యం సరిహద్దున మోహరించి ఉండగా వచ్చిన జనవరి 1న కూడా ఆగలేదు. ఈ ఒప్పందం పాకిస్తాన్ బాంబును ఆపలేదన్నది నిజం. కానీ ఇన్ని యుద్ధాల నడుమ కూడా రెండువైపులా ఒక్క రియాక్టరు పగలలేదు. బద్ధశత్రువులు చేయగలిగిన పని మీకెందుకు చేతకాదు?

అణుకేంద్రం మీద దాడి అంటే మాకు వార్తాపత్రికలో చదివి మడిచే విషయం కాదు. 2024లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదన వస్తే, చుట్టుపక్కల ఊళ్ల ఆడా మగా రోడ్డెక్కారు. కడప జిల్లా తుమ్మలపల్లె గని చుట్టూ బోరునీళ్ల గురించి, అరటి తోటల గురించి అక్కడి రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్న సంగతి వాళ్లకు తెలుసు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. భూమిలో ఉన్న ఖనిజాన్ని తవ్వుతామంటేనే మా పల్లెలు అంత వణికాయి. శుద్ధి చేసి పోగేసిన చోట బాంబు వేసేటప్పుడు నతాంజ్ చుట్టుపక్కల రైతు ఎంత వణికి ఉంటాడో ఊహించుకోగలం. ఈసారి బయటి గాలిలో రేడియేషన్ పెరగలేదని అణుశక్తి సంస్థ చెప్పింది, అంతవరకు మేలు. ఇరాన్ గల్ఫ్ తీరంలోని బుషెహర్ రియాక్టరుకు నేరుగా దెబ్బ తగిలితే పరిణామాలు ఘోరంగా ఉంటాయని ఆ సంస్థ అధిపతి గ్రోసీ భద్రతా మండలిని హెచ్చరించారు. బుషెహర్‌కు ఆ గల్ఫ్ నీటి అవతల కువైట్ ఉంది. ఆ దేశం తాగేది సముద్రపు నీటిని శుద్ధి చేసిన నీరే. రాయచోటి, రాజంపేట, కడప పల్లెల నుంచి ఇంటిపనికి వెళ్లిన మా ఆడబిడ్డలు ఆ నీళ్లే తాగుతున్నారు.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ నడుమ జరిగిన యుద్ధంలో తమవారు వెయ్యిమందికి పైగా చనిపోయారని ఇరాన్ ప్రభుత్వం చెబుతోంది. ఇజ్రాయెల్‌లోనూ పౌరులు పోయారు. మీ సభా రికార్డుల్లో 47, 53 అన్న అంకెలున్నాయి. మరణాల అంకె కూడా వాటి పక్కన ఉండాలి. ఇకమీదట ఏ దేశం మీదనైనా బాంబులు వేయడానికి మద్దతివ్వాలనుకుంటే ముందుగా సభలో చర్చించి ఓటు వేయండి. ఎంతమంది చనిపోవచ్చని మీ నిపుణులు అంచనా వేశారో ఆ తీర్మానంలోనే రాయండి. ఏడాది తిరిగాక నిజంగా ఎంతమంది చనిపోయారో, తనిఖీదారులు లోపల ఉన్నారో బయట ఉన్నారో అదే సభలో, ఓటు వేసినవారి పేర్లతో సహా చదివి వినిపించండి. తనిఖీదారులను తిరిగి లోపలికి పంపే ఏ ఒప్పందానికైనా అడ్డుపడకండి. యుద్ధానికి ముందు సభ అనుమతి కావాలని రిపబ్లికన్ థామస్ మాసీతో కలిసి ప్రతినిధుల సభలో తీర్మానం పెట్టిన డెమొక్రాట్ రో ఖన్నాకు మా నమస్కారం. మీ మీ పార్టీలు వేరైనా ఆ ఇద్దరూ నడిచిన దారిన నడవండి.

ఈ లేఖ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉత్తర వర్జీనియాలోనో ఉన్న తెలుగువారి కంట పడితే, అక్కడ ఓటు హక్కు ఉన్నవారికి ఒక మనవి. 2025 జూన్ 27న మీ రాష్ట్ర సెనేటర్లు ఇద్దరూ ఎటు ఓటు వేశారో సెనేట్ రికార్డుల్లో పేర్లతో సహా ఉంది. చూడండి. వాళ్ల కార్యాలయానికి ఫోను చేసి, ఎందుకు వేశారో అడగండి.

ఇట్లు,
జొన్నగిరి వాసి,
తుగ్గలి మండలం, కర్నూలు జిల్లా